కూతురి రిటర్ను, మేనల్లుడి రిఫండ్, తండ్రికి అందని క్రెడిట్

డాలస్ శివారులో ఉంటున్న ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేర్లు తీసేసి, లెక్కలు మాత్రం ఆమె ఇచ్చినవి ఇచ్చినట్టే ఉంచి ఆ ఉత్తరం సారాంశం చెబుతున్నాము.

భార్యాభర్తలిద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది. ఆయన చాలా ఏళ్లుగా ఉద్యోగంలో ఉన్నారు, ఆమె 2025లో చేరారు. ఆ ఏడాది ఇద్దరి ఉమ్మడి ఆదాయం పన్ను లెక్క ప్రకారం 1,68,000 డాలర్లు. అమెరికాలో పుట్టిన పంతొమ్మిదేళ్ల కూతురు టెక్సస్‌లోనే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండో ఏడాది చదువుతూ డార్మ్‌లో (కాలేజీ హాస్టల్లో) ఉంటోంది. వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసి 7,200 డాలర్లు సంపాదించిన ఆ అమ్మాయి, ఫిబ్రవరిలో స్నేహితురాళ్లతో కూర్చుని ఫోన్‌లోనే రిటర్ను వేసేసి, తనను ఎవరూ తమ పోషణలో ఉన్న మనిషిగా, అంటే డిపెండెంట్‌గా చూపించడానికి వీల్లేదని అందులో టిక్కు పెట్టింది. కోత పడిన పన్ను ఆమె ఖాతాలోకి వచ్చేసింది. మార్చిలో తండ్రి ఈ-ఫైల్ చేస్తే, కూతురు తన రిటర్ను తానే వేసుకుందన్న కారణంతో అది తిరస్కరణకు గురైంది. ఆ రాత్రి తండ్రీకూతుళ్ల మధ్య మాటామాటా పెరిగింది. "నా సంపాదన, నా రిటర్ను, మిమ్మల్ని అడగాలా?" అని ఆమె, "చదివిస్తున్నది ఎవరు?" అని ఆయన. ఇద్దరూ మాట్లాడుకుని రెండు వారాలైంది.

దీనికి తోడు, విశ్వవిద్యాలయం ఇచ్చిన 1098-టి ఫారంలో ట్యూషను, ఫీజుల చెల్లింపులు చూపే 1వ బాక్సులో 11,400, స్కాలర్‌షిప్పులు చూపే 5వ బాక్సులో 13,000 డాలర్లు ఉన్నాయి. స్కాలర్‌షిప్పే ఎక్కువ కాబట్టి విద్యా క్రెడిట్ (చదువు ఖర్చుకు పన్నులో ఇచ్చే తగ్గింపు) సున్నా అని సాఫ్ట్‌వేర్ చెప్పింది. నిరుడు కూడా ఇదే కారణంతో వదులుకున్నారు. డార్మ్, మీల్ ప్లాన్ ఖర్చులకు 529 ఖాతా (చదువు కోసం పన్ను రాయితీతో పొదుపు చేసే ఖాతా) నుంచి 9,000 తీశారు.

ఇక వాళ్లింట్లోనే ఉంటూ ఎమ్మెస్ చేస్తున్న ఆడపడుచు కొడుకు ఒకడున్నాడు. 2024 ఆగస్టులో ఎఫ్-1 వీసాపై వచ్చాడు, క్యాంపస్ ఉద్యోగంలో 9,000 డాలర్లు సంపాదించాడు. తోటి విద్యార్థులు చెప్పారని ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్లు వేసే మామూలు 1040 ఫారం వేసి, విద్యా క్రెడిట్ కింద 1,000 డాలర్ల రిఫండ్ తీసుకుని, ఆ డబ్బు చదువు అప్పు వాయిదాకు ఇంటికి పంపేశాడు. అది తప్పని ఈ మధ్యే ఎవరో చెబితే భయపడుతున్నాడు. ఆడపడుచు మాత్రం ఫోన్‌లో "అందరూ చేసిందే కదా, కదిలించకండి" అంటున్నారు. పిల్లవాడికి తిండి, గది తామే ఇస్తున్నాం కాబట్టి అతణ్ని తమ రిటర్నులో డిపెండెంట్‌గా చూపవచ్చా, కూతురి రిటర్ను రద్దు చేయించాలా, ఈ మొత్తంలో తప్పెవరిది అని పాఠకురాలి ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు రిటర్నులు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. వీటిలో ఒక్కటే అత్యవసరం, అది మీ మేనల్లుడిది. మీరు దాన్ని చివర రాశారు కానీ నేను అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఏప్రిల్ 15 లోపు దిద్దుకోవడానికీ తర్వాత దిద్దుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఎఫ్-1 వీసాపై వచ్చిన విద్యార్థి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను చట్టం దృష్టిలో సాధారణంగా నాన్‌రెసిడెంటే. ఒక ఏడాదిలో ఒక్క రోజు ఉన్నా ఆ ఏడాది మొత్తం లెక్కకు వస్తుంది. కాబట్టి ఆగస్టులో వచ్చినా 2024 అతనికి మొదటి ఏడాది, 2028 ఐదోది. అంతవరకు అతను వేయవలసింది నాన్‌రెసిడెంట్ల రిటర్ను 1040-ఎన్‌ఆర్, దానితోపాటు విద్యార్థిగా ఉన్న రోజులు తెలిపే 8843 ఫారం. నాన్‌రెసిడెంట్లకు విద్యా క్రెడిట్లు రావు. అమెరికా పౌరులను గానీ రెసిడెంట్లను గానీ పెళ్లాడి, ఇద్దరూ రెసిడెంట్లుగా పన్ను కట్టడానికి ఒప్పుకున్న వాళ్లకు మాత్రమే మినహాయింపు. ఆ సంగతి పక్కన పెట్టినా, అతను తీసుకున్న వెయ్యి డాలర్లు అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్‌లో రిఫండ్‌గా వచ్చే భాగం. ఆ క్రెడిట్ డిగ్రీ చదువు మొదటి నాలుగేళ్లకే తప్ప ఎమ్మెస్‌కు వర్తించదు. అతని 1098-టిలో గ్రాడ్యుయేట్ విద్యార్థి అని తెలిపే 9వ బాక్సులో టిక్కు ఉండే ఉంటుంది, చూడమనండి.

అతని ముందున్న దారులు రెండు. మొదటిది, సవరణ ఫారమైన 1040-ఎక్స్ నింపి, ఎందుకు సవరిస్తున్నాడో అందులో రెండు వాక్యాల్లో రాసి, సరైన 1040-ఎన్‌ఆర్‌నూ 8843నూ జతచేసి, వెయ్యి డాలర్లు తిరిగి కట్టడం. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం వల్ల మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థులకు 1040-ఎన్‌ఆర్‌లో కూడా స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా తీసేసే స్థిర మొత్తం) దొరుకుతుంది, ఇది చాలా దేశాల విద్యార్థులకు లేని సౌకర్యం. 2025కు అది 15,750 డాలర్లు, అతని జీతం 9,000 కాబట్టి పన్ను సున్నాయే, జీతంలో కోసుకున్న పన్ను అతనిదే. పోయేది ఆ వెయ్యి మాత్రమే. గడువు లోపు ఇది పూర్తిచేస్తే వడ్డీ, జరిమానా అన్న మాట దాదాపు రాదు.

రెండో దారి మీ ఆడపడుచు చెబుతున్నది, ఊరుకోవడం. నలుగురితో పాటు నారాయణా అనుకోవడానికి ఇది అనువైన చోటు కాదు. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) తానుగా పట్టుకుంటే వెయ్యితో పాటు వడ్డీ, ఇరవై శాతం జరిమానా పడవచ్చు. నిబంధనలను లెక్కచేయకుండా ఈ క్రెడిట్ తీసుకున్నట్టు తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు దాన్ని వాడుకోకుండా నిషేధిస్తారు. ఇవాళ అతను విద్యార్థి, రేపు హెచ్-1బి, ఎల్లుండి గ్రీన్‌కార్డు అనుకుంటున్నవాడు. ఎఫ్-1లో ఉండి తాను రెసిడెంటునని చెప్పుకున్న రిటర్ను ఆ ఫైళ్ల పక్కన ఉండటం మంచిది కాదు. వెయ్యి డాలర్లు ఇంటికి వెళ్లిపోయాయి కదా అని మీ ఆడపడుచు సంకోచిస్తున్నట్టుంది. ఆ డబ్బు మీరు అతనికి సర్దగలిగితే సర్దండి, నెలనెలా తీర్చుకుంటాడు. ఈ సలహా మొత్తంలో అంత చవకగా తీరే సమస్య మరొకటి లేదు.

అతని జీతం వివరాల ఫారం డబ్ల్యూ-2లో 4, 6 బాక్సులు కూడా చూడండి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కనిపించేది అక్కడే. ఈ ఐదేళ్లలో ఎఫ్-1 విద్యార్థి జీతంలో అవి కోయకూడదు. కోసి ఉంటే ముందు ఆ ఉద్యోగం ఇచ్చిన చోటే అడిగి, వాళ్లు ఇవ్వకపోతే 843 ఫారంతో ఐఆర్‌ఎస్‌ను అడగవచ్చు. ఉచిత సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి 1040-ఎన్‌ఆర్ వేసే వీలే లేదు, మన పిల్లలు దెబ్బతింటున్నది అక్కడే. చాలా విశ్వవిద్యాలయాల్లో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాలు స్ప్రిన్‌టాక్స్, గ్లేసియర్ ట్యాక్స్ ప్రెప్ వంటి సాఫ్ట్‌వేర్లు అందుబాటులో ఉంచుతాయి. అతని కాలేజీలో కనుక్కోమనండి.

అతణ్ని మీరు డిపెండెంట్‌గా చూపలేరు. చుట్టరికం అడ్డు కాదు. తోబుట్టువు సంతానాన్ని చట్టం ఒప్పుకుంటుంది. కానీ డిపెండెంట్ అమెరికా పౌరుడో, అక్కడి రెసిడెంటో, లేదా కెనడా, మెక్సికోలలో నివసించేవాడో అయి ఉండాలి. మీరు పెట్టే తిండికీ ఇచ్చిన గదికీ పన్ను ఫారంలో చోటు లేదు.

ఇప్పుడు మీ అమ్మాయి విషయం. ఆమె తన రిటర్ను తాను వేసుకోవడం తప్పు కాదు. డిపెండెంట్ అయినా సంపాదన ఉంటే, కోత పడిన పన్ను వెనక్కి రావాలంటే, రిటర్ను వేసుకోవలసిందే. పొరపాటు ఒక్క టిక్కులోనే ఉంది. ఆ ప్రశ్న అడిగేది "ఎవరైనా చూపిస్తున్నారా" అని కాదు, "ఎవరైనా చూపించడానికి వీలుందా" అని. అది ఆమె ఇష్టాయిష్టాలకు సంబంధించింది కాదు. ఏడాది చివరికి 24 ఏళ్లు నిండకుండా, ఏడాదిలో కనీసం ఐదు నెలలు పూర్తికాలపు విద్యార్థిగా ఉండి, తన పోషణలో సగానికి మించి తానే భరించని పిల్లలు తల్లిదండ్రుల డిపెండెంట్లుగా లెక్కకు వస్తారు. డార్మ్‌లో ఉన్న కాలం మీ ఇంట్లో ఉన్నట్టే. ఆమె స్కాలర్‌షిప్పును ఆమె తనకు తాను పెట్టుకున్న ఖర్చుగా చట్టం చూడదు. 7,200 డాలర్లలో ఆమె ఎంత ఖర్చు పెట్టుకున్నా, 11,000 డాలర్ల డార్మ్, మీల్ ప్లాన్, మీ ఇన్సూరెన్సు, ఫోను, కారు కలిపితే సగం దాటదు. కాబట్టి ఇందులో మోసమూ లేదు, తిరుగుబాటూ లేదు. ఈ మాట మీ వారికి చెప్పండి. తండ్రి డబ్బుతో చదువుతున్నందుకు కాదు, చట్టం ఆ ప్రశ్నను ఈ తీరున రాసినందుకు ఆమె టిక్కు మారాలని అమ్మాయికి చెప్పండి. అప్పుడు ఎవరి పరువూ పోదు.

మీరు ఆమెను చూపకుండా వదిలేసి, ఆమే క్రెడిట్ తీసుకునే దారి ఒకటుంది. చట్టం దానికి ఒప్పుకుంటుంది. కానీ ఆమె వయసులో, తన పోషణలో సగం కూడా సంపాదించని పూర్తికాలపు విద్యార్థికి, రిఫండ్‌గా వచ్చే భాగం దక్కదు. మిగతా భాగం కట్టవలసిన పన్ను ఉంటేనే పనికొస్తుంది, ఆమెకు పన్నే లేదు. అందువల్ల ఆమెకు వచ్చేది సున్నా, మీరు పోగొట్టుకునేది డిపెండెంట్‌కు ఇచ్చే 500 డాలర్లూ, దాని పైన విద్యా క్రెడిట్టూ. ఉమ్మడి ఆదాయం 1,80,000 దాటిపోయి తల్లిదండ్రులకు క్రెడిట్ ఎలాగూ రాని ఇళ్లలో, పిల్లలకు చెప్పుకోదగ్గ సంపాదన ఉన్నప్పుడు, ఈ దారి కొంత మేలు చేస్తుంది. మీ ఇల్లు అలాంటిది కాదు.

ఇక మీరు వదులుకున్న క్రెడిట్. ఉత్తరంలో నన్ను ఎక్కువ సేపు నిలబెట్టింది ఇదే. 1098-టి కేవలం సమాచారం కోసం ఇచ్చే కాగితం, క్రెడిట్‌ను నిర్ణయించేది అది కాదు. మీ అమ్మాయి విద్యార్థి పోర్టల్‌లో బర్సర్ కార్యాలయం (ఫీజులు వసూలు చేసే విభాగం) ఉంచే ఖాతా స్టేట్‌మెంటును 2025 జనవరి నుంచి డిసెంబరు వరకు దింపుకోండి. అందులో ట్యూషను, తప్పనిసరి ఫీజులు, డార్మ్ అద్దె, మీల్ ప్లాను, ఆరోగ్య ఫీజు ఒక్కొక్కటి ఒక్కో వరుసలో, ఏ స్కాలర్‌షిప్ ఏ తేదీన జమ అయిందో ఆ వివరంతో ఉంటాయి. వసంతకాలపు సెమిస్టరుకు డిసెంబరులోనే కట్టి ఉంటే, ఆ తరగతులు మార్చి నెలాఖరులోపు మొదలైతే, అది కట్టిన ఏడాది లెక్కలోకే వస్తుంది. 7వ బాక్సులో టిక్కు ఉంటే అలాంటి చెల్లింపు 1వ బాక్సులో చేరి ఉన్నట్టు. డార్మ్, భోజనం, ఇన్సూరెన్సు క్రెడిట్‌కు పనికిరావు. పుస్తకాలు పనికొస్తాయి, కాలేజీ దుకాణంలో కొనకపోయినా సరే. మీరు 700 డాలర్ల పుస్తకాల రసీదులు ఉన్నాయని రాశారు, కాబట్టి అర్హత గల ఖర్చు 12,100.

స్కాలర్‌షిప్ 13,000లో 5,000 ట్యూషనుకే వాడాలన్న షరతు ఉందనీ, మిగతా 8,000 చదువుకు సంబంధించిన ఏ ఖర్చుకైనా వాడుకోవచ్చనీ అవార్డు పత్రంలో ఉందని మీరు రాశారు. కీలకం ఈ వాక్యమే. షరతు లేని స్కాలర్‌షిప్‌లో కొంత భాగం డార్మ్‌కూ భోజనానికీ వెళ్లిందని చూపి, ఆ మేరకు అమ్మాయి ఆదాయంలో కలుపుకునే ఎంపికను చట్టం ఇస్తుంది. ఐఆర్‌ఎస్ 970వ ప్రచురణలో దీన్ని ఉదాహరణలతో వివరించారు. ఆ 8,000లో 4,900 డార్మ్‌కు వెళ్లినట్టు తీసుకుంటే, పన్ను లేని స్కాలర్‌షిప్ 8,100 మిగులుతుంది. 12,100 నుంచి అది తీసేస్తే సరిగ్గా 4,000. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ మొదటి 2,000కు పూర్తిగా, తరువాతి 2,000కు నాలుగో వంతు లెక్కన గరిష్ఠంగా 2,500 డాలర్లు ఇస్తుంది, దానికి కావలసిన ఖర్చు ఈ 4,000.

మరి అమ్మాయికి భారమవుతుందా? జీతం 7,200, కలుపుకున్న స్కాలర్‌షిప్ 4,900, మొత్తం 12,100. డిపెండెంట్ స్టాండర్డ్ డిడక్షన్ సంపాదనకు 450 కలిపినంత, గరిష్ఠంగా 15,750. ఈ లెక్కకు పన్ను పడే స్కాలర్‌షిప్ కూడా సంపాదనే. కాబట్టి డిడక్షన్ 12,550, పన్ను సున్నా. స్కాలర్‌షిప్‌లో మిగులు ఉన్నప్పుడు ఎంతో కొంత ఆమె ఆదాయంలో కలపాలన్నది మీరు ఈ దారి పట్టకపోయినా తప్పదు, సాఫ్ట్‌వేర్ మీకు ఆ మాట చెప్పలేదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, అది మీ అదృష్టం. ఆ పన్ను ఉన్న రాష్ట్రాల వాళ్లు అక్కడి నిబంధన కూడా చూసుకున్నాకే ఈ ఎంపిక చేసుకోవాలి. స్కాలర్‌షిప్ మొత్తం ట్యూషనుకే పరిమితమైతే ఈ దారి మూసుకుపోయినట్టే. అందుకే అవార్డు పత్రాన్ని ఫోల్డరులో పైన పెట్టుకోండి.

529 ఖాతా సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఒకే ఖర్చును రెండు చోట్ల చూపకూడదు. మొత్తం ఖర్చు, అంటే ట్యూషను, పుస్తకాలు, డార్మ్, భోజనం కలిపి 23,100. దీంట్లోంచి పన్ను లేని స్కాలర్‌షిప్ 8,100, క్రెడిట్‌కు వాడిన 4,000 తీసేస్తే 11,000 మిగులుతుంది. మీరు తీసింది 9,000 కాబట్టి దానిపై పన్ను ఏమీ లేదు. 529 నుంచి తీసిన డబ్బు చూపే 1099-క్యూ ఫారం ఎవరి పేరున వచ్చినా ఈ లెక్క ఒక కాగితం మీద వేసి దాచుకుంటే చాలు.

అయితే మీకు 2,500 మొత్తం రాదు. ఉమ్మడి రిటర్నులో ఆదాయం 1,60,000 దాటితే క్రెడిట్ తగ్గడం మొదలై 1,80,000కు మాయమవుతుంది. 1,68,000 దగ్గర మీకు అరవై శాతం, అంటే 1,500 డాలర్లు. డిపెండెంట్ 500తో కలిపి 2,000. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) ఉందని, నిరుడు అందులో 4,000 వేశామని రాశారు. 2025కు కుటుంబ పరిమితి 8,550 కాబట్టి ఇంకా చోటు ఉంది. ఏప్రిల్ 15 లోపు మరో 3,000 వేసి, అది 2025 సంవత్సరానికే అని బ్యాంకుకు స్పష్టంగా చెబితే, మీ ఆదాయం 1,65,000కు దిగి క్రెడిట్ 1,875 అవుతుంది. ఆ మూడు వేల మీద 22 శాతం లెక్కన మరో 660 డాలర్ల పన్ను ఎలాగూ తగ్గుతుంది. చేతిలో డబ్బు ఆడకపోతే దీని కోసం అప్పు చేయకండి.

అమ్మాయి 1040-ఎక్స్ ఒక్కసారి వేస్తే రెండు పనులూ అవుతాయి. డిపెండెంట్ ప్రశ్నకు టిక్కు మారుతుంది, స్కాలర్‌షిప్ 4,900 షెడ్యూల్ 1లో 8ఆర్ వరుసలో చేరుతుంది. ఆమె రిఫండు మారదు, ఒక్క డాలరు కూడా తిరిగి ఇవ్వక్కర్లేదు. ఆ సవరణ పూర్తిగా నమోదయ్యేసరికి వారాలు పడుతుంది కాబట్టి మీ రిటర్ను దానికోసం ఆగనక్కర్లేదు. మీ వారు ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఐపీ పిన్ (గుర్తింపు కోసం ఇచ్చే రహస్య సంఖ్య) తీసుకుని మళ్లీ ఈ-ఫైల్ ప్రయత్నించవచ్చు. అదీ కుదరకపోతే, విద్యా క్రెడిట్ కోరే 8863 ఫారం జతచేసి కాగితంపై తపాలాలో పంపవచ్చు, రిఫండు ఆలస్యమవుతుంది, అంతే. హడావుడిలో తప్పులు దొర్లుతాయనిపిస్తే 4868 ఫారంతో అక్టోబరు వరకు గడువు అడగండి, కానీ కట్టవలసిన పన్ను ఏదైనా ఉంటే అది ఏప్రిల్‌లోనే కట్టాలి. హెచ్‌ఎస్‌ఏ గడువు కూడా దానితో పెరగదు.

వదిలేసిన 2024 గురించి తొందరపడకండి. నాలుగేళ్ల డిగ్రీ ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో పడుతుంది, మీ అమ్మాయికి 2024 నుంచి 2028 వరకు. క్రెడిట్ మాత్రం ఒక్కో విద్యార్థికి నాలుగుసార్లే. ఏదో ఒక ఏడాది ఎలాగూ వదులుకోవాలి, అది 2024 అయితే నష్టమేమీ లేదని మొదట అనిపిస్తుంది. కానీ 2024లో మీకు ఉద్యోగం లేదు, ఇంటి ఆదాయం 1,60,000 లోపే ఉందంటున్నారు, అంటే ఆ ఏడాది క్రెడిట్‌లో కోత ఉండదు. మీ జీతం పెరిగి 2027లోనో 2028లోనో 1,80,000 దాటేలా ఉంటే, 2024ను సవరించుకోవడమే లాభం. మీ ఉద్యోగం తాత్కాలికమైతే ఆగడం మేలు. 2024 రిటర్ను సవరించడానికి 2028 ఏప్రిల్ మధ్య వరకు గడువుంది కాబట్టి ఈ వేసవిలో నెమ్మదిగా ఆలోచించుకోండి. మీ స్నేహితుల్లో హెచ్-4 మీద ఉన్న పిల్లలను, సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లకు ఇచ్చే పన్ను సంఖ్య ఐటిన్‌తో చూపి ఈ క్రెడిట్ తీసుకుంటున్న వాళ్లుంటే వాళ్లకు మరో మాట చేరవేయండి: 2026 పన్ను సంవత్సరం నుంచి దీనికి సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి.

ఈ శనివారం పని పంచుకోవాలంటే, మేనల్లుడు తన 1040-ఎన్‌ఆర్ మొదలుపెట్టాలి, మీ అమ్మాయి బర్సర్ స్టేట్‌మెంటూ అవార్డు పత్రమూ దింపి పంపాలి, మీ వారు 8863 మూడో భాగంలో ఆమె పేరు, విశ్వవిద్యాలయం పన్ను గుర్తింపు సంఖ్య ఈఐఎన్ నింపాలి. ఆ ఈఐఎన్ 1098-టి మీదే ఉంటుంది. ఆ ఫారం పోర్టల్‌లో అమ్మాయి లాగిన్‌తో తప్ప తెరుచుకోదు కాబట్టి, దానికోసం ఫోన్ చేయవలసింది మీరు కాదు, ఆయన.